డార్బీ తలుపు

జనవరి 14

పైకి అనలేనివన్నీ కాగితం మీద పెడితే కడుపుమంట చల్లారుతుందని డాక్టరమ్మ చెప్పింది. రక్తపోటుకి మాత్రలూ ఇచ్చింది. మాత్రలు పనిచేస్తున్న జాడ లేదు. ఇదీ చూద్దాం.

ఇవాళ మొదటి మీటింగు. ఇంగ్లండులో ఏళ్ళ తరబడి ఇంటిల్లిపాదీ చూసే కార్ల షోని అమెరికా జనానికి తగ్గట్టు మార్చి తీయాలి. ఆ బాధ్యత నాది. ముగ్గురు మనుషులు, బోలెడన్ని కార్లు, ఆ ముగ్గురూ కార్లనీ ఒకళ్ళనొకళ్ళనీ తిట్టుకోవడం. అంతే షో. మనం దాన్ని పాడుచేయకుండా చూడటానికి ఇంగ్లండు వాళ్ళొక మనిషిని పంపారు. డెస్మండ్ పిల్‌బీమ్. ఇస్త్రీ చేసిన కొంగలా ఉన్నాడు. గంటసేపు కూర్చుని ఆయన అన్నది ఒక్కటే: "ఆ ముగ్గురికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. చచ్చినా ఆ మాట పైకి అనరు. అదండీ షో."

ఛానల్ తరఫున ట్రిప్ హోలోవే. నా కన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు, నా పై అధికారి. "అనేస్తే పోలా? మూడో వారం ముగ్గురూ కౌగిలించుకుని ఏడిస్తే?" అన్నాడు.

డెస్ తన టీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. ఇద్దరినీ కిటికీలోంచి తోసేయాలనిపించింది. ఆ ఆఫీసులో కిటికీలు తెరుచుకోవు.

ఫిబ్రవరి 2

ఇంగ్లండులో కారుకీ రైలుకీ పందెం పెడతారు, మనమూ పెట్టాలన్నాడు ట్రిప్. లాస్ ఏంజెలెస్ నుంచి చికాగోకట. కారులో వెళ్ళినవాడు చికాగోలో స్నానం చేసి, నిద్రపోయి, లేచి, ఇరుగుపొరుగుతో స్నేహం కలిపాక రైలొస్తుంది బాబూ అన్నాను. అయితే రైలుకి బదులు గుర్రం పెడదామన్నాడు.

షోకి ఇద్దరు కుదిరారు. బూన్ లెడ్‌బెటర్, టెనెసీ నుంచి వచ్చిన హాస్యగాడు, నోరు తెరిస్తే బూతు. మారిసోల్ కింటెరో, రేసుల్లో కార్లు నడిపిన మనిషి, నోరు తెరవదు. ఇద్దరూ నాకు నచ్చారు. మూడో కుర్చీ ఖాళీ.

ఫిబ్రవరి 19

మూడో కుర్చీకి ట్రిప్ ఒక వంటవాణ్ణి పట్టుకొచ్చాడు. వంటవాణ్ణి.

మార్చి 9

లాస్ వేగస్. జూదం ఆడటానికొచ్చిన జనాన్ని పిలిచి చీకటి గదిలో కూర్చోబెట్టి, చేతికొక మీట ఇచ్చి, మా మొదటి ఎపిసోడ్ చూపించారు. నచ్చితే కుడికి, నచ్చకపోతే ఎడమకి తిప్పాలి. తెర వెనక మాకు ఒక గీత కనిపిస్తూ ఉంటుంది. ఆ గీతే మా తలరాత.

బూన్ ఒక పికప్ ట్రక్కుని తిట్టాడు. "దీని కన్నా మా మాజీ అత్తగారు నయం, ఆవిడ కనీసం బరువు మోసేది" అన్నాడు. గీత బావిలో రాయిలా పడిపోయింది. తరవాత ఒకాయన లేచి, మా నాన్న అదే ట్రక్కు నడిపాడు, ఆయన్నీ ఏమైనా అంటారా అని అడిగాడు. చేతిలో మీట కుర్చీలో పడేసి వెళ్ళిపోయాడు.

ఇక పికప్‌లని తిట్టకూడదన్నాడు ట్రిప్. పెద్ద కార్లనీ వద్దు, అవి మనకి ప్రకటనలిస్తాయి. జర్మనీవీ, జపానువీ కూడా ఇస్తాయి. మరి దేన్ని తిట్టమంటావు, సైకిళ్ళనా అన్నాను. నవ్వాడు. నేను నవ్వించడానికి అనలేదు.

మార్చి 11

చచ్చిపోయిన కంపెనీ అయితే ప్రకటనలివ్వదు, దావా కూడా వేయదు, అలాంటిది వెతకమన్నాడు ట్రిప్. ఎవరో హాల్‌బ్రుక్ కంపెనీ వాళ్ళ డార్బీ కారు పేరెత్తారు. అందరూ ఒకేసారి పకపకా నవ్వారు. డార్బీ పేరు వింటేనే ఈ దేశంలో జనం నవ్వుతారు. ఇంకేం, దొరికింది. దాన్ని తయారుచేసిన ఊరికే వెళ్ళి, మూతబడ్డ ఫ్యాక్టరీ స్థలంలోనే, క్రేను మీంచి కింద పడేసి, 'అమెరికాలోకెల్లా చెత్త కారుకి అంత్యక్రియలు' చేయాలట. మిషిగన్‌లో ఆల్డర్టన్ అనే ఊరు.

నేనేమీ అనలేదు.

మార్చి 12

అనడానికేముంది? నేనెక్కడ పుట్టానన్నది ఎవరికీ అక్కర్లేని సంగతి. ఇది పని.

ఏప్రిల్ 3

ఆల్డర్టన్ మునిసిపాలిటీ వాళ్ళు అనుమతి ఇచ్చారు. ఏం తీస్తున్నారని అడిగితే 'డార్బీకి నివాళి' అని చెప్పమన్నాను. అది అబద్ధం కాదు. అంత్యక్రియల్లో నివాళి ఉంటుంది. చివర్లో బూన్ ఒక మంచి మాట కూడా అంటాడు, నేనే రాశాను.

మూడో కుర్చీ వంటవాడు మానేశాడు. బూన్ వల్లట. బూన్‌కి మిఠాయి పెట్టె పంపాను.

ఏప్రిల్ 10

మా అన్నయ్య కాజ్ ఫోన్ చేశాడు. అమ్మ పోయినప్పుడు ఇంటి విషయంలో మాటా మాటా అనుకున్నాక ఇదే చేయడం. ముప్పై ఏళ్ళకి దగ్గరగా ఆ ఫ్యాక్టరీలో చేశాడు వాడు.

"ఏమే గ్వెన్, డార్బీకి నివాళట కదా. నువ్వే చేయిస్తున్నావట కదా. ఊరంతా చెప్పాను మా చెల్లి పెద్ద షో తెస్తోందని. నా దగ్గరొక డార్బీ ఉంది, ఆవపిండి రంగుది. రంగు మళ్ళీ వేశాను. కావాలంటే వాడుకో" అన్నాడు.

చూద్దాంలే అన్నాను. ఫోన్ పెట్టేశాక వంటింట్లో గిన్నెలన్నీ మళ్ళీ కడిగాను. అవి శుభ్రంగానే ఉన్నాయి.

వీడికి అనుమానమైనా రాదా? ఇంత పెద్ద మనిషికి? డార్బీకి నివాళి ఎవడిస్తాడని ఒక్కసారైనా అనుకోడా? వాడి మీద వచ్చినంత కోపం ట్రిప్ మీద కూడా రాలేదు.

మే 16

ఆల్డర్టన్. ఫ్యాక్టరీ గోడలు ఎప్పుడో కూల్చేశారు. సిమెంటు నేల మిగిలింది, పగుళ్ళలోంచి గడ్డి. క్రేను, నల్లగుడ్డ కప్పిన వేదిక, పూలదండలు. బ్యానరు చుట్టి ఉంచాం, సమయానికి తాడు లాగితే విప్పుకునేలా.

నలభై యాభై మంది వస్తారనుకున్నాం. రెండు వందలు దాటారు. మడత కుర్చీలూ, ఐసు పెట్టెలూ తెచ్చుకున్నారు. సాసేజ్‌లు, బంగాళాదుంప కూరిన పియెరోగీలు పళ్ళేలకొద్దీ తెచ్చి మా కెమెరా వాళ్ళ నోట్లో కుక్కుతున్నారు. సగం మంది ఫ్యాక్టరీ నీలం జాకెట్లు వేసుకొచ్చారు, ఇప్పుడు గుండీలు పట్టడం లేదు. కాజ్ తన ఆవపిండి రంగు డార్బీని కడిగి తుడిచి ముందు వరసలో నిలిపాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేను చెవిలో పెట్టుకున్న దాంట్లో ఎవరో మాట్లాడుతున్నట్టు నటించాను.

డెస్ నా పక్కకొచ్చి, "వీళ్ళకి సంగతి తెలుసా?" అన్నాడు. ఛానల్ వాళ్ళు చూసుకున్నారని చెప్పాను.

బూన్ వేదికెక్కాడు. తాడు లాగారు. బ్యానరు విప్పుకుంది. 'అమెరికాలోకెల్లా చెత్త కారు'. చప్పట్లకని ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి కొందరివి. బూన్ రాసిచ్చింది చదివాడు. నేను రాసిందే. ఒక్కళ్ళూ నవ్వలేదు. మూడో జోకు దగ్గర బూన్ గొంతు తడబడింది, నా వైపు చూశాడు. కానివ్వమని సైగ చేశాను.

మేం కొని తెచ్చిన డార్బీని క్రేను పైకెత్తి వదిలేసింది. దాని ముక్కు నేలకి కొట్టుకుని అప్పడంలా నలిగింది. ఒక తలుపు ఊడి, సిమెంటు మీద గీసుకుంటూ వచ్చి, జనం ముందు కట్టిన తాడు దాకా వచ్చి ఆగింది.

ఎవరైనా తిడితే బాగుండేది. రాయి వేసినా బాగుండేది.

కాజ్ లేచి నా దగ్గరికొచ్చాడు. అరుస్తాడనుకున్నాను. వాడు మెల్లిగా అన్నాడు. "చెప్పుంటే మేమే ఇంతకన్నా మంచివి చెప్పేవాళ్ళం కదే. ఇన్నేళ్ళనించీ దీన్ని మేం తిట్టినట్టు ఎవడు తిట్టాడు?"

నాకు ఒళ్ళు మండింది.

ఈలోగా ఐరీన్ కోసిబా తాడు కిందనుంచి దూరి వచ్చింది. మా వీధి చివరింటావిడ. డెబ్బై దాటి ఉంటాయి. ఊడిన తలుపు దగ్గర కూర్చుని, దాని అంచు రబ్బరుని వేలితో నొక్కి చూసింది. బూన్ టోపీ తీసి పక్కన నిలబడ్డాడు. ఆవిడ లేచి అతని చేతిలో మైకు లాక్కుంది.

"మా స్టాన్ నన్ను పెళ్ళి చేసుకుంటావా అని డార్బీలోనే అడిగాడు" అంది. "వద్దని చెప్పి దిగిపోదామనుకున్నాను. తలుపు తెరుచుకోలేదు. ముప్పై ఏళ్ళు కాపురం చేశాను." కాసేపు ఆగింది. "ఆ తలుపు బిగించింది నేనే."

జనం నవ్వు పట్టలేక కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. కొందరు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. బూన్ అక్కడే నేల మీద కూలబడి నవ్వాడు. మారిసోల్ నవ్వగా చూడటం నాకదే మొదలు.

ఆ తరవాత మేం చేసిందేం లేదు. కెమెరాలు ఆపొద్దని డెస్ చెప్పాడు, అంతే. రంగు విభాగంలో చేసినాయన, ఇంజన్ల దగ్గర చేసినావిడ, మా కాజ్, ఒకళ్ళ తరవాత ఒకళ్ళు. డార్బీలో రేడియో అంత గట్టిగా ఎందుకు మోగేదో తెలుసా, ఇంజను చప్పుడు యజమాని చెవిన పడితే గుండె ఆగి చస్తాడని, అన్నాడు కాజ్. బూన్‌నీ వదల్లేదు. నీ కన్నా డార్బీ నయం నాయనా, చలికాలంలోనైనా నోరు మూసుకునేది అన్నారు. చివరికి ఫ్యాక్టరీ మూసేసిన రోజు సంగతి వచ్చింది. హాల్‌బ్రుక్‌ని కొన్న పెద్ద కంపెనీ వాళ్ళు కేకు తెచ్చారట. తినేదాకా ఆగి చెప్పారట. అది కూడా నవ్వుతూనే చెప్పారు. కానీ అప్పుడెవరూ కుర్చీల్లోంచి లేవలేదు.

షో దొరికింది. ఇన్ని నెలలు వెతికింది ఇదే. ఎవరిని ఎవరు తిట్టవచ్చో ఇప్పుడు తెలిసింది.

మే 17

విమానాశ్రయంలో డెస్ ఎదురుగా కూర్చున్నాడు. వాళ్ళ నాన్న కూడా కార్ల ఫ్యాక్టరీలోనే చేశాడట, వాళ్ళ ఊళ్ళో, అదీ మూతబడిందట. నేను ఈయన్ని జమీందారు బిడ్డ అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"మేం మా కార్లని చూసి మేం నవ్వుకున్నాం. అందుకే మా షో నిలిచింది. మీరు ఈ ఊరివారని నిన్న మీ అన్నగారు చెబితే గాని తెలియలేదు. డార్బీ పేరు మొదట ఎత్తింది మీరే కదా, ఎందుకని?"

నేను కాదన్నాను.

"మీరేనండీ. అందరికంటే ముందు నవ్వింది కూడా మీరే" అన్నాడు మర్యాదగా.

ఆ మర్యాద చూస్తే ఆయన మొహాన కాఫీ పోయాలనిపించింది.

జూన్ 22

ట్రిప్ ఆల్డర్టన్ ఎపిసోడ్ చూశాడు. హాల్‌బ్రుక్‌ని కొని మూసేసిన ఆ కంపెనీయే మా షోకి పెద్ద ప్రకటనదారట. నాకిప్పుడు చెబుతున్నాడు. కేకు మాట తీసేయాలి. మూసివేత తీసేయాలి. జాకెట్ల మీద ఆ కొన్న కంపెనీ పేరుంది కాబట్టి జాకెట్లున్న వాళ్ళందరినీ తీసేయాలి. అంటే మైకు పట్టుకున్న వాళ్ళని దాదాపు అందరినీ.

"కారు పడటం చాలు. అదిరిపోయింది. దాని తరవాత ఒక నవ్వు కావాలి" అన్నాడు.

అరిచాను. మెట్ల మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూసేంతగా అరిచాను. "నువ్వు కోయకపోతే వేరేవాళ్ళకిస్తాను" అన్నాడు.

జూన్ 30

వేరేవాళ్ళ చేతిలో పడితే ఇంకా ఘోరం చేస్తారు. నేనే ఎడిటింగులో కూర్చుంటే కొంతైనా కాపాడగలను. కొంతైనా.

జూలై 8

కారు పడ్డాక నవ్వు అతికింది. ట్రిప్ పడీ పడీ నవ్వాడు.

జూలై 9

ఐరీన్ గారు జాకెట్ వేసుకురాలేదు. ఆవిడ్ని ఉంచగలిగాను. ఆవిడ ఒక్కర్తే మిగిలింది, అదైనా మిగిల్చినందుకు నన్ను మెచ్చుకోవాలి.

డెస్ చూశాడు. ఇంగ్లండు షో పేరు వాడుకోనివ్వనని ఛానల్‌తో పోట్లాడతాడనుకున్నాను. ఒప్పందం ప్రకారం తనకా అధికారం లేదట. కోటు వేసుకుంటూ, "చాలా నేర్పుగా కోశారు. అదే బాధ" అని వెళ్ళిపోయాడు.

నేర్పుగానే కోశాను. పాతికేళ్ళ నించీ అదే పని నాది. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది?

సెప్టెంబర్ 20

ప్రసారమైంది. నేను చూడలేదు. నాకు తెలియనిదేముంది అందులో.

సెప్టెంబర్ 21

కాజ్ ఫోన్.

"ఐరీన్ ఇంట్లోనే అందరం కూర్చుని చూశాం. కారు పడింది. తలుపు ఊడింది. వెంటనే ఆవిడ మొహం, ఇంత పెద్దది. ఆ తలుపు బిగించింది నేనే అంది. జనం పగలబడి నవ్వారు. అంతే, వేరే కారు వచ్చేసింది. స్టాన్ లేడు, పెళ్ళి లేదు, ఏమీ లేదు. చేతకాని పని చేసి గొప్ప చెప్పుకునే ముసలమ్మలా ఉంది గ్వెన్. ఎవరు చేశారే అది?"

"ఎడిటింగులో నేను లేను" అన్నాను.

"అలాగా" అన్నాడు. నమ్మాడు. ఈసారి కూడా నమ్మాడు.

సెప్టెంబర్ 22

ట్రిప్ పూలు పంపాడు. జనం బాగా చూశారట, రెండో సీజను ఖాయమట. చెత్తబుట్టలో పట్టలేదు. తొక్కాను.

సెప్టెంబర్ 25

డెస్ లండన్ నుంచి ఫోన్ చేస్తే ఎత్తలేదు. బూన్ చేస్తే ఎత్తలేదు. మాత్రలు మార్చింది డాక్టరమ్మ.

సెప్టెంబర్ 27

కాజ్‌కి నేనే చేశాను. "నేనే కోశాను. కుర్చీలో కూర్చుని నా చేత్తోనే. డార్బీ పేరు చెప్పింది కూడా నేనే" అన్నాను.

ఫోన్లో కుక్క మొరుగుతోంది.

"నాకెందుకు చెబుతున్నావ్? నన్ను చూసి నవ్వారా? వచ్చి ఆవిడకి చెప్పు" అన్నాడు.

అక్టోబర్ 1

ట్రిప్ దగ్గరికెళ్ళి, పునఃప్రసారంలో ఐరీన్ గారి మాట పూర్తిగా పెట్టు, లేకపోతే రెండో సీజను చేయనన్నాను. బెదిరింపనుకున్నాడు. "జనం ఎలాగూ నవ్వారుగా, ఎందుకు నవ్వితే ఏం?" అన్నాడు. నా కప్పు, నా కోటు తీసుకుని లిఫ్టు కోసం ఆగకుండా ఐదంతస్తులూ మెట్ల మీదే దిగాను. కోపం తగ్గుతుందేమోనని. తగ్గలేదు.

అక్టోబర్ 4

ఆల్డర్టన్ వెళ్ళాను. విమానాశ్రయం నుంచి కాజ్ తన ఆవపిండి రంగు డార్బీలోనే ఐరీన్ గారింటికి తీసుకెళ్ళాడు. ఐరీన్ గారు వరండాలో యాపిల్ పళ్ళు చెక్కు తీస్తోంది. కూర్చోమనలేదు. కాఫీ ఇవ్వలేదు. నేను నిలబడే చెప్పాను, కాజ్‌కి చెప్పిందంతా. క్షమించమన్నాను. ఆవిడ తలెత్తలేదు, కత్తి ఆపలేదు.

"ఆ నవ్విందెవరు?" అంది.

"ఎవరూ కాదండీ. నవ్వులు ముందే రికార్డు చేసి దాచి ఉంచుతాం. ఎప్పుడో, ఇంకేదో చూసి నవ్విన జనం."

"అంటే నన్ను చూసి ఎవరూ నవ్వలేదు?"

"లేదు." ఇదైనా కాస్త ఊరటగా ఉంటుందనుకున్నాను.

ఆవిడ కత్తి పక్కన పెట్టింది. "ఆ రోజు నా మాటకి రెండు వందల మంది నిజంగా నవ్వారు. అది తీసి, ఎవడి నవ్వో తెచ్చి అతికించావు. నన్ను చూసి నవ్వి ఉంటే సర్దుకునేదాన్ని. స్టాన్ పోయాక మొదటిసారి అతని మీద జోకేశాను నేను. అదేది? ఎక్కడుంది?"

ఛానల్ వాళ్ళ దగ్గర ఉందన్నాను. వాళ్ళివ్వరన్నాను. నేనిక అక్కడ పనిచేయడం లేదన్నాను. నా ఉద్యోగం ఏమైతే తనకేమన్నట్టు చూసింది.

"కోసేటప్పుడు ఎన్నిసార్లు విన్నావు నన్ను?"

"చాలాసార్లు. లెక్కలేదు."

"అయితే నోటికొచ్చి ఉంటుంది. చెప్పు."

కాజ్ వైపు చూశాను. వాడు వీధి వైపు తిరిగాడు. చెప్పాను. స్టాన్ అడగడం, దిగిపోదామనుకోవడం, తెరుచుకోని తలుపు, ముప్పై ఏళ్ళు. ఆవిడ ఆగిన చోట ఆగాను. ఆవిడ అన్నట్టే చివరి మాట అన్నాను. కాజ్ భుజాలు కదిలాయి. వాడు నవ్వు ఆపుకోలేకపోయాడు, దానికి నా మీద కోపం తెచ్చుకున్నాడు కూడా.

ఐరీన్ గారు నవ్వలేదు.

"ముప్పై ఏళ్ళు అన్నాక ఎక్కువసేపు ఆగావు. జనం ఊహించేస్తారు" అంది. కాలితో స్టూలు నా వైపు తోసింది. "కూర్చుని మళ్ళీ చెప్పు."